సాహా సమీకరణం తర్వాత మేఘనాద్ సాహా భౌతికశాస్త్రానికి దూరమయ్యారా?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థి):

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చివరి సంవత్సరంలో ఉన్నాను. మా ఖగోళ భౌతికశాస్త్ర పాఠంలో మేఘనాద్ సాహా పేరు ఒకే ఒక్క సమీకరణం పక్కన కనిపిస్తుంది. ఉష్ణోగ్రత, పీడనం, అయనీకరణ శక్తి తెలిస్తే ఒక వాయువులో ఎంత భాగం పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయి ఉంటాయో లెక్కకట్టడం నేర్పిస్తారు, పరీక్షలో ఒక లెక్క ఇస్తారు, అంతటితో ఆయన ప్రస్తావన ముగుస్తుంది. సెమినార్ కోసం ఆయన జీవితాన్ని చదవడం మొదలుపెట్టాక రెండు సందేహాలు నన్ను వదలడం లేదు.

పెద్ద దూరదర్శిని గాని, మంచి వర్ణపట ప్రయోగశాల గాని అందుబాటులో లేని కలకత్తాలో పాతికేళ్లు దాటిన ఒక అధ్యాపకుడు, యూరప్, అమెరికాల ఖగోళ శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి విప్పలేకపోయిన చిక్కును ఎలా విప్పగలిగారన్నది మొదటి సందేహం. అంత పని చేసిన మనిషి ఆ తర్వాత వరదలు, ఆనకట్టలు, ప్రణాళికలు, పంచాంగాలు, చివరికి లోక్‌సభ అంటూ ఎందుకు వెళ్లారు, దాని వల్ల భౌతికశాస్త్రానికి నష్టం జరిగిందని అనుకోవాలా అన్నది రెండవది. తెలిసిన పెద్దలు వివరంగా చెబితే కృతజ్ఞుడిని.

సమాధానం (భౌతికశాస్త్ర అధ్యాపకురాలు):

మీ మొదటి సందేహానికి సమాధానం సంపూర్ణ సూర్యగ్రహణాల్లో తీసిన వర్ణపటాల్లో దొరుకుతుంది. చంద్రబింబం సూర్యబింబాన్ని పూర్తిగా కప్పేసిన క్షణంలో అంచు చుట్టూ ఎర్రని పలుచటి పొర ఒకటి మెరుస్తుంది. దానిని వర్ణావరణం అంటున్నాం. ఆ వెలుగును విడదీసి చూస్తే కాల్షియం తాలూకు హెచ్, కె గీతలు దాదాపు 14,000 కిలోమీటర్ల ఎత్తు వరకు కనిపించేవి. అదే కాల్షియం తాలూకు జి గీత అంత ఎత్తుకు చేరేది కాదు. కాల్షియం కంటే తేలికైన సోడియం గీతలు ఇంకా కిందనే ఆగిపోయేవి. బరువైన మూలకం పైకి లేచి తేలికైనది కింద ఎందుకు ఉండిపోయిందో ఎవరికీ అంతుపట్టలేదు. హెచ్, కె గీతలు ప్రయోగశాలలో విద్యుత్ స్ఫులింగంలో బలంగా వస్తాయి గనుక, సూర్యునిలో పైకి పోయేకొద్దీ వేడి పెరుగుతోందని ఆంగ్ల ఖగోళ శాస్త్రజ్ఞుడు నార్మన్ లాకియర్ బాటలో నడిచినవారు భావించారు. ఉపరితలం నుంచి దూరమయ్యేకొద్దీ వేడి పెరగడం ఏమిటన్నది ఇంకో ప్రశ్నగా మిగిలింది.

సాహా ఈ సమస్యను రసాయనశాస్త్రం వైపు నుంచి పట్టుకున్నారు. కాల్షియం పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి అయాన్‌గా మారడాన్నీ, ఆ అయాన్ మళ్లీ ఎలక్ట్రాన్‌ను కలుపుకోవడాన్నీ ఆయన ఉభయదిశల్లో సాగే ఒక రసాయన చర్యగా తీసుకున్నారు. చర్యకు కావలసిన ఉష్ణం స్థానంలో అయనీకరణ శక్తిని ఉంచారు; కాల్షియంకు అది 6.1 ఎలక్ట్రాన్ వోల్టులు. వాయువుల విఘటనకు జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు నెర్న్‌స్ట్ ఇచ్చిన సూత్రం అప్పటికే ఉంది. నెర్న్‌స్ట్ శిష్యుడు ఎగర్ట్ 1919లో నక్షత్రాల లోపలి వాయువుకు ఆ సూత్రాన్ని వర్తింపజేశారు గాని, అయనీకరణ శక్తులకు ఊహించిన విలువలు వాడారు. అప్పట్లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ తరగతులకు ఉష్ణగతిశాస్త్రమూ, వర్ణపటశాస్త్రమూ రెండూ బోధిస్తున్న సాహా ఆ వ్యాసం చదివి లోపం ఎక్కడుందో వెంటనే గుర్తించారు. ప్రయోగాల ద్వారా తెలిసిన అసలు విలువలను సూత్రంలో పెట్టగానే పీడనం పాత్ర బయటపడింది. పీడనం తక్కువైన చోట ఎలక్ట్రాన్‌ను కోల్పోయిన అయాన్‌కు మరో ఎలక్ట్రాన్ ఎదురుపడే అవకాశమే తక్కువ. కాబట్టి ఉష్ణోగ్రత పెరగకపోయినా పైపొరల్లో కాల్షియం దాదాపు అంతా అయాన్ల రూపంలోనే ఉంటుంది; హెచ్, కె గీతలు ఇచ్చేది ఆ అయాన్లే, జి గీత ఇచ్చేది ఎలక్ట్రాన్ కోల్పోని పరమాణువులు. ఈ వ్యాసం 1920లో 'ఫిలసాఫికల్ మ్యాగజైన్'లో వెలువడింది.

ఆయన చేతిలో దూరదర్శిని లేని మాట నిజమే గాని, ఇతరులు సేకరించిన కొలతలు ఉన్నాయి, జర్మన్ భాష చదవగల సామర్థ్యం ఉంది, రెండు వేర్వేరు శాస్త్రాలను ఒకే ఏడాది విద్యార్థులకు చెప్పవలసిన అవసరం ఉంది. బోధన భారం పరిశోధనకు అడ్డమని మనం తరచూ అంటుంటాం. ఇక్కడ మాత్రం బోధనే దారి చూపింది. ఆ తర్వాత ఆయన లండన్‌లో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ ప్రయోగశాలకు వెళ్లి, అక్కడి విస్తారమైన వర్ణపట సమాచారంతో నక్షత్రాల మీద రాసిన వ్యాసాన్ని తిరగరాశారు. 1921లో రాయల్ సొసైటీ దాన్ని ప్రచురించింది.

ఆ రెండవ వ్యాసం ప్రభావం ఇంకా పెద్దది. హార్వర్డ్‌లో లక్షల నక్షత్రాల వర్ణపటాలను తరగతులుగా విడదీసి పెట్టారు గాని, ఆ తరగతుల భేదానికి కారణమేమిటో స్పష్టంగా తెలియదు. మన పంచాంగంలోని నక్షత్రాలనే తీసుకోండి. ఆర్ద్ర వర్ణపటంలో టైటానియం ఆక్సైడ్ పట్టీలు కనిపిస్తాయి, అభిజిత్తులో హైడ్రోజన్ గీతలు అత్యంత బలంగా ఉంటాయి, చిత్తలో హీలియం గీతలు వస్తాయి. చూడగానే ఒక్కొక్క నక్షత్రం ఒక్కొక్క పదార్థంతో తయారైందేమో అనిపిస్తుంది. సాహా సమీకరణం ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది: పదార్థం దాదాపు ఒకటే, తేడా ప్రధానంగా ఉష్ణోగ్రతలో ఉంది. ఆర్ద్ర ఉపరితలం సుమారు 3,500 కెల్విన్లు, అభిజిత్తు దాదాపు 9,600, చిత్త 20,000కు పైనే.

సూర్యుని విషయంలో ఒక చిన్న లెక్క వేసి చూడండి. హైడ్రోజన్ మనకు కంటికి కనిపించే గీతలు ఇవ్వాలంటే పరమాణువు ముందుగా 10.2 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తున ఉన్న రెండవ స్థాయిలో ఉండాలి. సూర్యోపరితలం దగ్గర, అంటే సుమారు 5,800 కెల్విన్ల వద్ద, దాదాపు 20 కోట్ల హైడ్రోజన్ పరమాణువులకు ఒక్కటి మాత్రమే ఆ స్థాయిలో ఉంటుంది. అదే ఉష్ణోగ్రతలో కాల్షియం ఇంచుమించు పూర్తిగా అయాన్లుగా మారి, హెచ్, కె గీతలు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటుంది. అందుకే హైడ్రోజన్‌లో నాలుగైదు లక్షల వంతు కూడా లేని కాల్షియం సూర్య వర్ణపటంలో హైడ్రోజన్‌ను మించి కనిపిస్తుంది. గీత బలాన్ని బట్టి మూలకం పరిమాణాన్ని నేరుగా అంచనా వేయకూడదన్న ఈ పాఠాన్ని పట్టుకునే సిసిలియా పేన్ 1925లో తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో నక్షత్రాల్లో అత్యధిక భాగం హైడ్రోజన్, హీలియంలేనని తేల్చారు.

ఒక్క జాగ్రత్త కూడా చెప్పాలి. వర్ణావరణంలో పైకి పోయేకొద్దీ ఉష్ణోగ్రత నిజంగానే పెరుగుతుందని తర్వాతి కాలంలో తెలిసింది. సాహా లెక్క ఉష్ణ సమతాస్థితిని ఆధారం చేసుకున్నది. ఆ పలుచటి పొరల్లో ఆ స్థితి పూర్తిగా ఉండదు. అయినా నక్షత్రాల ఉపరితలాలకు సమీకరణం నేటికీ మొదటి మెట్టుగానే ఉంది. సెమినార్‌లో ఈ పరిమితిని కూడా చెప్పండి, సాహా గౌరవం దానివల్ల తగ్గదు.

సమాధానం (విశ్రాంత చరిత్రోపన్యాసకుడు):

పై సమాధానంలో మేడమ్ గారు శాస్త్రాన్ని ఎంతో చక్కగా వివరించారు. మీ రెండవ సందేహానికి జవాబు కావాలంటే ఆయన బాల్యం దగ్గరికి వెళ్లక తప్పదని నా అభిప్రాయం.

సాహా 1893 అక్టోబరు 6న ఢాకా సమీపంలోని శేవరాతలి గ్రామంలో పుట్టారు. తండ్రి జగన్నాథ్‌ది చిన్న కిరాణా కొట్టు. ఎనిమిది మంది సంతానంలో ఈయన ఐదవవాడు. అక్షరాలు, లెక్కలు వస్తే చాలు, పిల్లవాడు కొట్లో కూర్చుంటాడని తండ్రి ఆలోచన. పై చదువుకు ఊళ్లో బడి లేదు. కొన్ని మైళ్ల దూరంలోని శిమూలియాలో ఉంది. అన్న జయనాథ్ పట్టుదలతో అక్కడి వైద్యుడు అనంతకుమార్ దాస్ తన ఇంట్లో ఉచితంగా భోజనం, వసతి ఇవ్వడానికి అంగీకరించారు. పిల్లవాడు తన కంచం తానే కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి. మొదటి షరతు వెనక ఉన్నది కులమే. అయినా ఆ వైద్యుడు చేసిన మేలును సాహా జీవితాంతం కృతజ్ఞతతో తలచుకున్నారు. ఆ తర్వాత కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతూ ఈడెన్ హిందూ వసతిగృహంలో ఉన్నప్పుడు, పక్కన కూర్చుని భోజనం చేయడానికి కొందరు అగ్రవర్ణ విద్యార్థులు ఒప్పుకోలేదు. సత్యేంద్రనాథ్ బోస్ వంటి సహాధ్యాయులూ, జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి గురువులూ దొరికింది కూడా అదే కళాశాలలో.

1905లో బెంగాల్ విభజన జరిగినప్పుడు గవర్నర్ బాంఫైల్డ్ ఫుల్లర్ పర్యటనను బహిష్కరించినందుకు ఢాకా కాలేజియేట్ పాఠశాల నుంచి ఈయనను పంపించేశారు, ఉపకార వేతనమూ పోయింది. జనపనార కంపెనీలో పనిచేసే అన్న తన చిన్న జీతంలోంచి పంపిన డబ్బుతో వేరే బడిలో చదువు సాగింది. విప్లవకారులతో పరిచయాలున్నాయన్న అనుమానంతో ప్రభుత్వ ఆర్థిక సేవల పరీక్షకు కూడా కూర్చోనివ్వలేదు. సి.వి. రామన్ ఏ సర్వీసులో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు పరిశోధన చేశారో ఆ సర్వీసు తలుపులే సాహాకు మూసుకుపోయాయి. 1916లో అశుతోష్ ముఖర్జీ పిలిచి కొత్త సైన్స్ కళాశాలలో చోటు ఇవ్వడం వల్లనే ఆయన పరిశోధన వైపు వచ్చారు.

పేదరికం ఆయన శాస్త్రాన్ని కూడా తాకింది. రేడియేషన్ పీడనం మీద 1917లో రాసిన పెద్ద వ్యాసాన్ని అమెరికాలోని 'ఆస్ట్రోఫిజికల్ జర్నల్'కు పంపగా, అచ్చు ఖర్చులో కొంత రచయిత భరించాలని వారు కోరారు. ఆ సొమ్ము ఆయన దగ్గర లేదు. చివరికి ఆ వ్యాసం కలకత్తా విశ్వవిద్యాలయ పత్రికలో వెలువడి, చదవవలసినవారి కంట పడకుండా పోయింది.

ఇలాంటి జీవితం గడిపినవాడికి నది వరద, ఊరి ఆకలి శాస్త్రానికి బయటి విషయాలుగా కనిపించవు. 1922లో ఉత్తర బెంగాల్‌లో వరదలు వచ్చినప్పుడు ప్రఫుల్ల చంద్ర రాయ్ సహాయ సంఘంలో పనిచేశారు. 1943లో దామోదర్ నది పొంగి కలకత్తాకు రైలు, రోడ్డు మార్గాలు తెగిపోయాక వేసిన విచారణ సంఘంలో సభ్యులుగా ఉండి, అమెరికాలోని టెనెసీ లోయ పద్ధతిలో మొత్తం పరీవాహక ప్రాంతాన్ని ఒకటిగా చూడాలని వాదించారు. 1948లో దామోదర్ లోయ కార్పొరేషన్ ఏర్పడింది. అంతకు పదేళ్ల ముందే, సుభాష్ చంద్రబోస్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్న 1938లో, జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పాటు వెనక సాహా ఒత్తిడి గట్టిగా ఉంది. కాబట్టి ఆయన శాస్త్రాన్ని వదిలి వెళ్లారనడం నాకు సరికాదనిపిస్తుంది.

ప్రశ్న అడిగిన విద్యార్థి:

ఇద్దరికీ ధన్యవాదాలు. వరదల సంగతి అర్థమైంది. పంచాంగాల సంస్కరణ మాత్రం ఇంకా వింతగానే ఉంది. అది నిజంగా ఒక భౌతికశాస్త్రజ్ఞుడి సమయం తీసుకోదగిన పనేనా? మరొకటి, ఆయనకు నోబెల్ ఎందుకు రాలేదు?

సమాధానం (పంచాంగ గణితం చేసే పాఠకుడు):

పంచాంగం విషయం నేను చెబుతాను. మా కుటుంబంలో తరతరాలుగా గణితం చేస్తున్నారు, కాబట్టి ఆ సంఘం నివేదికను నేను శ్రద్ధగా చదివాను.

1952 నవంబరులో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘాన్ని నియమించింది, కార్యదర్శి ఎన్.సి. లాహిరి. దేశమంతటి నుంచి పంచాంగాలు తెప్పించి పోల్చిచూస్తే, ఒకే తిథికి ఒక్కో చోట ఒక్కో సమయం కనిపించింది. కారణం గణితంలోనే ఉంది. సూర్యసిద్ధాంతం ప్రకారం సంవత్సరం 365.2588 రోజులు, ఋతువులను నడిపే సాయన సంవత్సరం 365.2422 రోజులు. తేడా ఏడాదికి సుమారు 24 నిమిషాలు. ఒక మనిషి జీవితకాలంలో అది పట్టించుకోదగింది కాదు గాని, 1,400 ఏళ్లలో 23 రోజులు పేరుకుపోయింది. ఉత్తరాయణం ఆకాశంలో డిసెంబరు 22 ప్రాంతంలో మొదలవుతుండగా మనం మకర సంక్రాంతిని జనవరి 14, 15 తేదీల్లో జరుపుకుంటున్నది అందుకే. ఇలాగే వదిలేస్తే ఋతువుకు, పండుగకు పొత్తు పూర్తిగా తప్పిపోతుందని సంఘం హెచ్చరించింది.

చంద్రుని విషయంలో లోపం ఇంకా త్వరగా బయటపడుతుంది. చంద్రగతిలోని కొన్ని పెద్ద సవరణలు పాత పద్ధతిలో లేవు గనుక తిథి ముగిసే సమయం కొన్నిసార్లు ఐదారు గంటల దాకా తేడా వస్తుంది. సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి పండుగను నిర్ణయించేటప్పుడు ఆ తేడా వల్ల రోజే మారిపోతుంది. తెలుగునాట పాత గ్రంథాల సూత్రాలతో చేసే పూర్వసిద్ధాంత పంచాంగానికి, ఆకాశంలో కనిపించే స్థానాలతో సరిపోయేలా లెక్కించే దృక్సిద్ధ పంచాంగానికి మధ్య ఏటా వచ్చే వివాదం ఇదే. ఒకే వీధిలో ఒక ఇంట్లో ఈరోజు, పక్కింట్లో రేపు పండుగ చేసుకోవడం మనం చూస్తూనే ఉన్నాం.

1955లో వచ్చిన నివేదిక దృగ్గణితాన్నే అనుసరించాలని చెప్పింది, 1956 మార్చి 21 నాటికి అయనాంశను, అంటే వసంత విషువత్ బిందువుకు, నక్షత్ర రాశిచక్రం మొదలుకు మధ్య ఉన్న కోణాన్ని, 23 డిగ్రీల 15 నిమిషాలుగా నిర్ణయించింది, పౌర వ్యవహారానికి శక సంవత్సరంతో కూడిన కొత్త సౌర క్యాలెండరును సూచించింది. శక 1879 చైత్రం 1, అంటే 1957 మార్చి 22 నుంచి ప్రభుత్వం దానిని అమలు చేసింది. ఇది మన చాంద్రమాన ఉగాదితో ముడిపడినది కాదు. ఏటా మార్చి 22న, లీపు సంవత్సరంలో 21న మొదలవుతుంది. రాజపత్రంలో, ఆకాశవాణిలో ఆ తేదీ వాడుక ఉన్నా ఇళ్లలోకి రాలేదు. సంఘం నిర్ణయించిన ఆ అయనాంశ మాత్రం లాహిరి అయనాంశ అనే పేరుతో ఈనాడు చాలా తెలుగు పంచాంగాలకు, జాతక చక్రాలు వేసే కంప్యూటర్ ప్రోగ్రాములకు ఆధారం. సాహాకు జ్యోతిష ఫలితాల మీద నమ్మకం లేదు, అన్నీ వేదాల్లోనే ఉన్నాయన్న వాదాన్ని ఆయన గట్టిగా ఖండించారు కూడా. అయినా ప్రాచీన సిద్ధాంత గ్రంథాలను ఎంత గౌరవంగా, ఎంత లోతుగా పరిశీలించారో ఆ నివేదిక చదివితే తెలుస్తుంది. నిర్ణయించిన క్యాలెండరు అమలులోకి వచ్చే నాటికి ఆయన లేరు.

సమాధానం (కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధకుడు):

పెద్దలతో ఒక్క విషయంలో నేను విభేదిస్తున్నాను. నష్టం జరిగిందనే నా అభిప్రాయం. అయితే దానికి సాహాను తప్పుపట్టలేం.

1923 నుంచి 1938 వరకు ఆయన అలహాబాదులో ఉన్నారు. అక్కడ నిధుల కోసం పెనుగులాడుతూనే విభాగాన్ని నిర్మించారు, డి.ఎస్. కొఠారీ వంటి శిష్యులను తయారుచేశారు, 1927లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. కాని 1920-21 నాటి వ్యాసాల స్థాయి పని మళ్లీ రాలేదు. తన సమీకరణాన్ని ప్రయోగాలతో పరీక్షించాలన్న కోరికకు తగిన సాధనాలు ఆయనకు చాలాకాలం సమకూరలేదు. ఈలోగా ఇంగ్లాండులో ఆర్.హెచ్. ఫౌలర్ (పైన వచ్చిన ఆల్ఫ్రెడ్ ఫౌలర్ కాదు), మిల్న్ 1923 నుంచి ఆ సిద్ధాంతాన్ని ముందుకు తీసుకుపోయారు.

1938లో కలకత్తాకు పాలిత్ పేరిట ఉన్న ఆచార్య పదవికి తిరిగి వచ్చాక సైక్లోట్రాన్ (కేంద్రక ప్రయోగాల కోసం కణాల వేగాన్ని పెంచే యంత్రం) కట్టాలని సంకల్పించి, శిష్యుడు నాగ్‌చౌధురిని బర్కిలీలో ఆ యంత్రాన్ని కనిపెట్టిన లారెన్స్ దగ్గరికి పంపారు. టాటాల విరాళం వచ్చింది, అయస్కాంత భాగాలు వచ్చాయి; పంపులతో వస్తున్న ఓడ యుద్ధంలో మునిగిపోయింది. యంత్రం ఏళ్ల తరబడి ఆలస్యమైంది. ఆయన స్థాపించిన కేంద్రక భౌతికశాస్త్ర సంస్థను 1950 జనవరి 11న ఐరీన్ జోలియో-క్యూరీ ప్రారంభించారు. ఈరోజు అది ఆయన పేరుతోనే ఉంది. అప్పటికే దేశపు అణుశక్తి కార్యక్రమం హోమీ భాభా చేతుల్లోకి వెళ్లింది. పరిశోధన విశ్వవిద్యాలయాల్లో జరగాలి, రహస్యం తెరల వెనక కాదు, ముందుగా పరిశ్రమనూ, నిపుణులనూ తయారుచేసుకోవాలి అని సాహా వాదన. 1952లో కలకత్తా వాయవ్య నియోజకవర్గం నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకు గెలిచి, 1954 మేలో అణుశక్తి మీద సభలో చర్చ లేవనెత్తింది కూడా అందుకే. ఆ వాదన నెగ్గలేదు. విశ్వవిద్యాలయాల్లో ప్రయోగాత్మక కేంద్రక భౌతికశాస్త్రం ఈనాటికీ అరకొర నిధులతో నడుస్తుండడం చూసినప్పుడు, ఆయన మాట విని ఉండవలసిందని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను.

సమాధానం (భౌతికశాస్త్ర అధ్యాపకురాలు):

నోబెల్ గురించి క్లుప్తంగా చెబుతాను. 1930లో దేబేంద్ర మోహన్ బోస్, శిశిర్ కుమార్ మిత్ర ఆయన పేరును ప్రతిపాదించారు. ఆ ఏడాది బహుమతి రామన్‌కు వచ్చింది. ఆ తర్వాత ఆర్థర్ కాంప్టన్ కూడా సాహాను ప్రతిపాదించారు, ఫలితం లేకపోయింది. నక్షత్రాల భౌతికశాస్త్రాన్ని ఆ కమిటీ అప్పట్లో తన పరిధిలోనిదిగా పెద్దగా చూడలేదు. నక్షత్రాల శక్తి మూలం మీద పనికి హాన్స్ బేథేకు బహుమతి వచ్చింది 1967లో. సాహా 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి నడిచి వెళుతూ గుండెపోటుతో కన్నుమూశారు.

మీ సెమినార్ విషయానికి వస్తే, జీవిత విశేషాలతోనే సమయమంతా గడిపేయకండి. బోర్డు మీద 3,500, 5,800, 9,600, 20,000 కెల్విన్ల దగ్గర హైడ్రోజన్‌కు, కాల్షియంకు లెక్క వేసి చూపించండి. హైడ్రోజన్ రెండవ స్థాయిలో ఉన్న పరమాణువుల సంఖ్య 10,000 ప్రాంతంలో గరిష్ఠానికి చేరి, ఆపైన అయనీకరణ వల్ల పడిపోవడం వినేవారందరికీ కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ పీడనానికి ఏ విలువ తీసుకున్నారో ముందుగానే చెప్పండి, లేకపోతే ప్రశ్నలన్నీ అక్కడే వస్తాయి.